జీలుగుమెట్ట జాడాంకం

అడవిలో మనం నడిచినట్టు అడవికి తెలియకూడదని పిల్లలకు చెప్పినవాడు బాపిరెడ్డే. చివరికి అదే మాట అతని కొంప ముంచడానికి వచ్చింది.

కెచ్చెల బాపిరెడ్డి జీలుగుమెట్ట అడవి బడిలో ఫీల్డు మాస్టరు. ఆ బడి అసలు పేరు యువజన అరణ్య విద్యా శిక్షణాలయం. అంత పేరు పలికేలోగా బస్సు వెళ్ళిపోతుందని కింద ఊళ్ళోవాళ్ళు అడవి బడి అనేస్తారు. పట్నాల నుంచి పదిహేను, పదహారేళ్ళ పిల్లలు విడతకు నలభై మంది వస్తారు. ఫోన్లు ఆఫీసు బీరువాలో పడేసి, అడవిలో ఎలా నడవాలో, నీళ్ళు ఎక్కడ దొరుకుతాయో, తడి పుల్లల్తో పొయ్యి ఎలా రాజెయ్యాలో, ఏ అడుగు ఏ జంతువుదో నేర్చుకుని పోతారు. ఇవన్నీ నేర్పేది బాపిరెడ్డి. కొండరెడ్ల పల్లెలో పుట్టాడు కాబట్టి ఇదంతా చదువేనని అతనికి చాలాకాలం ఎవరూ చెప్పలేదు. చెప్పేసరికి ముప్పయ్యైదేళ్ళు వచ్చాయి. అప్పటినుంచి పంతొమ్మిదేళ్ళుగా అక్కడే మాస్టరు.

అతనికో అలవాటుంది. పిల్లల్ని ఎటు తీసుకెళ్ళినా అందరినీ ముందు నడవనిచ్చి తాను చివర నడుస్తాడు. ముందున్నవాడు దారి తప్పితే కేకేస్తాడు, వెనకున్నవాడు తప్పితే ఎవరికీ తెలియదు అంటాడు. పంతొమ్మిదేళ్ళలో ఒక్క పిల్లా తప్పిపోలేదు. ఈ అలవాటును మీరు కాస్త గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే తరవాత ప్రభుత్వం కూడా గుర్తుపెట్టుకుంది.

రెండేళ్ళ కిందట అరణ్య విద్యా మండలి జాయింటు డైరెక్టరు పురాణం శశిభూషణ్ గారు బడి చూడ్డానికి వచ్చారు. వాగు దగ్గర ఎవరో పిల్లాడు చాక్లెట్టు కాగితం పడేస్తే బాపిరెడ్డి అన్నాడు: "ఎత్తు బాబూ. మనం వచ్చి పోయినట్టు అడివికి తెలవకూడదు."

శశిభూషణ్ గారు నడక ఆపేశారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి ఆ మాట రాసుకున్నారు. రాసుకుంటున్నందుకు బాపిరెడ్డి సంబరపడి, ఇంటికెళ్ళి పెళ్ళాంతో కూడా చెప్పుకున్నాడు పాపం.

ఆ పుస్తకంతో ఆయన పన్నెండు రోజుల విదేశీ శిక్షణకు వెళ్ళొచ్చారు. అక్కడ ఈ మాట చెబితే చప్పట్లు పడ్డాయట. చప్పట్లు పడ్డ మాట ఊరికే మాటగా ఉండిపోదు గదా. ఆరు నెలల్లో సర్క్యులరై కొండెక్కింది.

*

ప్రిన్సిపాలు ముక్కామల ఉమాకాంతం గారు చెడ్డవాడు కాదు. పిల్లలకు జ్వరం వస్తే తానే తడిగుడ్డ వేస్తాడు. కాగితం మీద రౌండు ముద్ర కనపడితే మాత్రం లేచి నిలబడిపోతాడు. ఆ రోజు స్టాఫు మీటింగులో నిలబడే చదివాడు:

"అరణ్య ప్రాంగణమున సిబ్బంది గాని విద్యార్థులు గాని ఎట్టి జాడను మిగుల్చరాదు. ప్రతి ఉద్యోగి మిగిల్చిన జాడలను గణించి, అట్టి ఉద్యోగి యొక్క జాడాంకమును నిర్ణయించవలెను. జాడాంకము తక్కువగల వారు ఉత్తములుగా పరిగణింపబడుదురు. అత్యధిక జాడాంకము గలవారు ఎవరైనను, వారిని అరణ్య పరిధి నుండి తొలగించి, రాజధానిలోని రికార్డు విభాగమునకు పంపవలెను."

"ఎవరైననా?" అంది వంట మంగతాయారు. పెద్ద గరిటె చేత్తోనే వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఎవరైనను" అన్నాడు ఉమాకాంతం. "నిబంధన తొమ్మిది సి. ఒక జాడపై పలువురు నడచియున్న యెడల, ఆ జాడ మొత్తము చివరగా నడచినవారి పేర నమోదు కావలెను."

బాపిరెడ్డికి ఆ పుస్తక భాష సగమే తలకెక్కింది. ఎక్కిన సగం బాగానే ఉందనిపించింది. చెత్త ఎత్తాలి, బూడిద కప్పాలి, అంతే గదా అనుకున్నాడు.

"మరి పొగో?" అంది మంగతాయారు. "పొయ్యి ఎలిగిస్తే పొగొస్తది. అదీ జాడేనాండి? అన్నం ఎండలో వండమంటారా?"

"ఆ విషయంలో వివరణ కోరుతూ రాశాను" అన్నాడు ఉమాకాంతం.

వివరణ వచ్చేదాకా రెండు పూటలు అటుకులు పెట్టారు. వచ్చిన వివరణలో, పొగ జాడయే గాని, చెట్ల పైకొనలు దాటనంతవరకు దానిని పరిగణించనక్కరలేదని ఉంది. అప్పటినుంచి పొగ చెట్లు దాటుతోందేమో చూడ్డానికి అటెండరు ఒకడు పొద్దున్నే డాబా మీద కూర్చునేవాడు.

మొదటి వారం ప్లాస్టిక్ అంతా ఏరేశారు. అడవి నిజంగానే శుభ్రపడింది. అక్కడితో ఆపేస్తే ఈ కథ ఉండేది కాదు. రెండో వారం రోడ్డు మలుపులో ఉన్న బడి బోర్డు పీకేశారు. బోర్డు జాడ గదా! తరవాత దారి పక్కన సున్నం కొట్టిన రాళ్ళు, భోజనాల గంట, పిల్లలు ఎక్కే తాళ్ళు పోయాయి. ప్రార్థన పెదాలు కదపకుండా చెయ్యమన్నారు. గోడలకు ఆకుపచ్చ రంగు వేశారు. వేసినవాడు బాగా వేశాడేమో, మూడు రోజుల దాకా మంగతాయారుకు స్టోరు రూము దొరకలేదు.

ఆ పైన పిల్లల అడుగుల సమస్య వచ్చింది. నలభై మంది ఒకరి వెనక ఒకరు నడిస్తే దారి పడుతుంది. అందుకని ఎవరి దారిన వాళ్ళు విడివిడిగా నడవాలని ఉమాకాంతం ఆర్డరు వేశాడు. సాయంత్రానికి గడ్డి మీద నలభై చారలు కనిపించాయి.

"సార్, ఇంతకుముందు ఒక్కటే దారి ఉండేదండి" అన్నాడు బాపిరెడ్డి. "ఇప్పుడు నలభై అయినాయి."

"ఒక్కోటి పాత దానిలో నలభయ్యో వంతే కదా. సగటు తీస్తే అసలు దారే లేనట్టు."

"మరి గడ్డి చచ్చిందండి."

"సగటున చావలేదు" అన్నాడు ఉమాకాంతం నచ్చజెబుతున్నట్టు.

ఈ సగటు పైవాళ్ళకు నచ్చలేదు. పిల్లల వెనకాలే చీపురు పట్టుకుని ఒకడు అడుగులు చెరుపుతూ నడవాలన్నారు. బాపిరెడ్డి ఎలాగూ చివర నడుస్తాడు కాబట్టి చీపురు అతని చేతికొచ్చింది. చెరిపినవాడి అడుగులు మిగిలాయి. అతను వెనక్కి నడుస్తూ చెరపాలన్నారు. అలా నడుస్తూ ఒకరోజు తుమ్మ ముళ్ళ మీద కూర్చున్నాడు. ఇక లాభం లేదని పిల్లల్ని గదిలోనే కూర్చోబెట్టి, గోడకు అడవి బొమ్మ తగిలించి, కర్రతో చూపిస్తూ పాఠం చెప్పమన్నారు. కిటికీ తలుపు తీస్తే అసలు అడవి కనపడుతుంది. చూపు కూడా ఒక విధమైన చొరబాటేనేమోనని ఉమాకాంతానికి అనుమానం వచ్చి కిటికీ మూయించాడు.

బాపిరెడ్డి బొమ్మ ముందు కర్ర పట్టుకుని నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి ఏం చెప్పాలో తోచలేదు. బొమ్మలో పులి పక్కనే ఏనుగు, దాని పక్కన జిరాఫీ ఉన్నాయి.

"మాస్టారూ, జిరాఫీ మన అడవిలో ఉంటుందా?" అని అడిగింది ఓ పిల్ల.

"ఉండదమ్మా. కానీ దాని జాడ కూడా లేదు గదా, అందుకని పెట్టుంటారు" అన్నాడు.

*

జాడాంకాలు కట్టడానికి శశిభూషణ్ గారే స్వయంగా దిగారు. టేపు, టాబ్లెట్టు, కొలతలు రాయడానికి ఒక గుమాస్తా. సిబ్బంది ఒక్కొక్కరి జాడా కొలుస్తూ వచ్చారు. మంగతాయారుకు పొయ్యి మసి, కరివేపాకు మొక్క. ఉమాకాంతానికి కుర్చీ కోళ్ళ గుంటలు నాలుగు.

బాపిరెడ్డి దగ్గరికి వచ్చేసరికి టేపు చాల్లేదు.

బడి దగ్గర్నుంచి బొగ్గులవాగు దాకా కాలిబాట ఉంది. మైలు పైనే. ఎవరూ వెయ్యలేదు, నడిచి నడిచి పడింది. ఎన్ని వేల మంది పిల్లలు నడిచారో గాని, ప్రతిసారీ చివర నడిచింది బాపిరెడ్డే. నిబంధన తొమ్మిది సి ప్రకారం దారంతా అతనిదే. దానికి అంకె నాలుగు వేలు. వాగు ఒడ్డున అతను కూర్చుని పాఠం చెప్పే బండ నున్నబడింది. రెండు వందల యాభై ఎనిమిది.

అక్కడితో పోయేదే. కానీ సారువారు ఇంతగా తన సంగతులు అడుగుతున్నారు గదా అని బాపిరెడ్డి ఉబ్బిపోయి, ఇంట్లోంచి రేకు పెట్టె పట్టుకొచ్చి చూపించాడు.

"ఇవేమిటి?"

"పిల్లలు రాసిన ఉత్తరాలండి. ఇక్కడ చదువుకుని పోయినోళ్ళు. పెద్దోళ్ళయ్యి ఉద్యోగాలు చేత్తన్నా రాత్తారండి. మాస్టారూ, మీరు చెప్పినట్టే వానలో పొయ్యి రాజేశాను, మా ఆఫీసోళ్ళంతా నోరెళ్ళబెట్టారు అని రాత్తారు." ఆ మాట చెబుతుంటే అతని మొహం వెలిగిపోయింది.

శశిభూషణ్ గారి మొహం చిన్నబోయింది. "ఎన్నున్నాయి?"

"ఆరువందల పన్నెండండి."

"అంటే ఆరువందల పన్నెండు మనసుల్లో మీ జాడ మిగిలిపోయింది" అన్నారాయన మెల్లగా. "బాపిరెడ్డిగారూ, ఇది తీవ్రమైన విషయం. దారంటే ముళ్ళకంప వేసి మాపుకుంటాం. దీన్ని ఎలా మాపుతారు? ఉపాధ్యాయుడన్నవాడు విద్యార్థి మీద ముద్ర వేయడమంటే, విధాన పరంగా అది కాలుష్యం కిందికి వస్తుంది."

గుమాస్తా మొత్తం కలిపి చెప్పాడు. నాలుగు వేల ఎనిమిది వందల డెబ్భై. అంత అంకె పడుతుందని టాబ్లెట్టు చేసినవాళ్ళు అనుకోలేదు కాబోలు, చివరి సున్నా గళ్ళోంచి బయటికి వచ్చింది.

బాపిరెడ్డికి రాజధాని గుర్తొచ్చింది. రికార్డు విభాగం అతను ఒకసారి చూశాడు, ఏదో సర్టిఫికెట్టు కోసం పోయినప్పుడు. అయిదో అంతస్తు. కిటికీలకు అద్దాలు, అద్దాలకు కర్టెన్లు, పగలే లైట్లు. తూర్పెటండీ అని అడిగితే నలుగురు గుమాస్తాలు నాలుగు వైపులు చూపించారు. అక్కడ మిగిలిన నాలుగేళ్ళ సర్వీసు కూర్చోవాలంటే, పోనీ ఉద్యోగం మానెయ్యమన్నా నయమే అనుకున్నాడు. మానేస్తే మాత్రం అడవి బడిలో అడుగుపెట్టనిస్తారా?

"ఇక ఒక్కరు మిగిలారు" అన్నారు శశిభూషణ్ గారు లిస్టు చూస్తూ. "తటవర్తి చిదంబరం. వన్యప్రాణి శాస్త్రం."

ఉమాకాంతం గారు హాజరు పట్టీని మెల్లగా బల్ల కిందికి తోశాడు.

చిదంబరం సంగతి చెప్పాలి. ఏడేళ్ళ కిందట ఒక గురువారం ఆయన ఉద్యోగంలో చేరాడు. సంతకం పెట్టాడు, పప్పు బాగుందని మెచ్చుకుంటూ భోంచేశాడు, మూడింటి బస్సుకు దిగి వెళ్ళాడు. మళ్ళీ కనపడలేదు. కింద పట్నంలో కోచింగు సెంటరు పెట్టి అదే వన్యప్రాణి శాస్త్రం చెబుతున్నాడని వినికిడి. ఆయనకు మీసాలున్నాయని ఉమాకాంతం, లేవని మంగతాయారు. పైనుంచి ఎవరు అడిగినా, ఆయన ఫీల్డులో ఉన్నారండి అనేవాడు ఉమాకాంతం. ఫీల్డంటే అడవి, అడవేమో పెద్దది. అబద్ధమని తేల్చడం ఎవరి తరమూ కాదు.

"ఫీల్డులో ఉన్నారండి" అన్నాడు ఇప్పుడు కూడా.

శశిభూషణ్ గారు గదిగదీ వెతికారు. చిదంబరం కుర్చీ లేదు, గిన్నె లేదు. ఆయన నడిచిన దారి ఎవరూ చూపించలేకపోయారు. ఆయన పాఠం పిల్లల్లో ఒక్కరికీ గుర్తులేదు. సార్ ఎలా ఉంటారని అడిగితే ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఉమాకాంతం కళ్ళు మూసుకుని, రాబోయే సస్పెన్షన్ కోసం ఎదురుచూశాడు.

"సున్నా" అన్నారు శశిభూషణ్ గారు. "ఏడేళ్ళ సర్వీసులో సున్నా! ఉమాకాంతం గారూ, ఇంతటి మహానుభావుణ్ణి ఇన్నాళ్ళూ పైకి తెలియనివ్వకుండా ఎలా దాచారండీ?"

"కష్టపడ్డామండి" అన్నాడు ఉమాకాంతం. అందులో అబద్ధమేమీ లేదు.

*

చిదంబరానికి 'వనమౌన రత్న' బిరుదు, శాలువా, ప్రశంసా పత్రం ఇవ్వాలని మండలి తీర్మానించింది. ఛైర్మన్ గారు ముందుగానే సంతకం పెట్టేశారు. చిదంబరానికి జీతం చేరే చిరునామాకు ఆహ్వానం పోయింది. సభ జీలుగుమెట్టలోనే. ఆ రోజే బాపిరెడ్డికి రాజధాని బదిలీ ఉత్తర్వు అందజేయాలి. ఒకే ప్రయాణంలో రెండు పనులు.

వచ్చే పెద్దలకు ఎక్కడా జాడ కనపడకూడదని ఉమాకాంతం తలకిందులుగా నిలబడి పనిచేశాడు. బాపిరెడ్డి కాలిబాటను ఈ చివర నుంచి ఆ చివర దాకా ముళ్ళకంపతో కప్పించాడు. దాని మీద ఆకులు పోయించాడు. రోడ్డు నుంచి బడికి వచ్చే అడ్డదారి కూడా ఆ బాటలోనే కలుస్తుందని అతనికి తోచలేదు. తోచినా సర్క్యులర్‌లో దానికి మినహాయింపు లేదు.

కంప వేస్తుంటే బాపిరెడ్డి చూడలేక వంటింటి అరుగు మీద కూర్చున్నాడు. మంగతాయారు గ్లాసుడు టీ ఇచ్చింది.

"ఏడవమాక బాపిరెడ్డన్నా."

"ఏడవట్లేదమ్మా. నేను సచ్చినా ఆ దారుంటదనుకున్నాను. నేను బతికుండగానే దాన్ని పూడ్చేత్తన్నారు" అన్నాడు. అని ఏడ్చాడు.

సభ పదింటికి. పదకొండైంది, పన్నెండైంది. పిల్లలు పెదాలు కదపకుండా రెండుసార్లు ప్రార్థన చేశారు. ఒంటిగంటకు తూర్పున ఎక్కడో "ఎవరండీ అక్కడ!" అని సన్నగా కేక వినపడింది. కాసేపటికి అదే కేక పడమటి నుంచి వచ్చింది.

బాపిరెడ్డి చెవి ఒగ్గాడు. "జీలుగు చెట్ల కాడున్నారండి. అక్కడే తిరుగుతున్నారు. ఇది మూడోసారి."

"అయ్యో, పరిగెత్తవయ్యా! తీసుకురా!" అన్నాడు ఉమాకాంతం.

"నేను నడిస్తే జాడ పడుద్దండి."

"ఇది అత్యవసరం. అత్యవసర జాడకు అనుమతిస్తున్నాను."

"కాయితం మీద రాసివ్వండి."

ఉమాకాంతం నిజంగానే రాసిచ్చాడు. బాపిరెడ్డి కాగితం జేబులో పెట్టుకున్నాడు గాని కదల్లేదు. వాళ్ళ సంచిలో తన బదిలీ ఉత్తర్వుంది. సాయంత్రం దాకా తిరగనిస్తే ఆ సంచీ, ఆ ఉత్తర్వూ ఎవరికి కావాలి అని విసుగెత్తి వచ్చిన దారినే పోతారేమో. ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, తనకే భయం వేసింది. అంతలో మళ్ళీ కేక వినపడింది, ఈసారి గుహల వైపు నుంచి. అటు పిల్లలతో ఉన్న ఎలుగుబంటి ఉంది. పంతొమ్మిదేళ్ళుగా తన అడవిలో ఎవరూ తప్పిపోలేదు.

"వీళ్ళ మొకాలు మండ" అని గొణుక్కుంటూ కత్తి తీసుకుని లేచాడు. మంగతాయారు మంచినీళ్ళ సీసా చేతిలో పెట్టింది.

నలుగురున్నారు. శశిభూషణ్ గారు, గుమాస్తా, దండలు మోసే అటెండరు, పట్టు చొక్కాలో ఓ కొత్తమనిషి. శశిభూషణ్ గారి కుడి బూటు అడుగు ఊడి ఎక్కడో పడిపోయింది. నీళ్ళు తాగి, ఊపిరి పీల్చుకుని, "దారేదీ?" అన్నారు.

"పూడ్చేశామండి. తమరి ఉత్తర్వు ప్రకారం."

"అద్భుతం" అన్నారాయన నీరసంగా. అన్నా, అధికారి కాబట్టి అలవాటు ప్రకారం ముందు నడవబోయారు.

బాపిరెడ్డి అడ్డం వచ్చాడు. "ముళ్ళకంప ఉందండి. నేను ముందు నరుక్కుంటా పోతాను. తమరు అందరికన్నా చివర రండి. ముందోళ్ళకే గుచ్చుకుంటాయి."

ఇందులో శశిభూషణ్ గారికి అన్యాయమేమీ కనపడలేదు. అలా ఆ రోజు, పంతొమ్మిదేళ్ళలో మొదటిసారి, బాపిరెడ్డి ముందు నడిచాడు. కంప కింద దారి ఎక్కడుందో కాలికే తెలుస్తోంది. వెనక్కి తిరిగి తిరిగి చివరి మనిషి వస్తున్నాడా లేదా చూసుకుంటూనే ఉన్నాడు. ఆ అలవాటు మాత్రం పోలేదు.

*

సభ మొదలైంది. పట్టు చొక్కా మనిషిని శశిభూషణ్ గారు ముందుకు పిలిచారు. "వీరిని గుర్తుపట్టినవాళ్ళు చేతులెత్తండి."

ఒక్క చెయ్యి లేవలేదు. మంగతాయారు కళ్ళు చికిలించి చూసి, "ఈరు పెళ్ళివారి తరఫునాండి?" అంది.

శశిభూషణ్ గారు చప్పట్లు కొట్టారు. "చూశారా! వీరే తటవర్తి చిదంబరం గారు!"

మీసాలున్నాయి. ఉమాకాంతం మంగతాయారు వైపు గర్వంగా చూశాడు.

శాలువా కప్పారు. ప్రశంసా పత్రం చదివారు. "అరణ్యమున నివసించుటకు సర్వవిధముల అర్హులైన వీరిని, పదవీ విరమణ పర్యంతము బదిలీగాని సెలవుగాని లేకుండ జీలుగుమెట్ట ప్రాంగణమునందే శాశ్వత నివాసులుగా నియమించుటయైనది."

చిదంబరం నవ్వు సగంలో ఆగిపోయింది. "శాశ్వత... అంటే పట్నంలో నాకు కొన్ని బాధ్యతలు... అసలు నేను దీనికి తగనండి. నాకూ జాడ ఉంది. చేరిన రోజు ఇక్కడే భోంచేశాను. విస్తరాకు ఉంటుంది, వెతకండి!"

"ఆ ఇస్తరాకు నేనే ఎత్తి పారేసేనండి" అంది మంగతాయారు.

"తొమ్మిది సి ప్రకారం అది ఆవిడ పేర వస్తుంది" అన్నారు శశిభూషణ్ గారు. "మీ వినయం మమ్మల్ని కదిలించింది." అని బదిలీ ఉత్తర్వు తీశారు. "ఇప్పుడు బాపిరెడ్డిగారు."

బాపిరెడ్డి ముందుకొచ్చి నిలబడ్డాడు. కాలికి కంప గీరుకుని నెత్తురు కారుతోంది. చెయ్యి చాపలేదు.

"ఒక్క నిమిషం సార్" అన్నాడు ఉమాకాంతం. అతనిలో ఏ కుట్రా లేదు. "ఉత్తర్వు అందజేసే రోజున జాడాంకం సరిచూసి అందరి ముందూ చదవాలని పదకొండో నిబంధన." ఫారం తెరిచాడు. "బండ, రెండు వందల యాభై ఎనిమిది. మనోజాడ, ఆరు వందల పన్నెండు. కాలిబాట, నాలుగు వేలు. నేడు నడచినవారు అయిదుగురు. చివరగా నడచినవారు..." కలం ఆగింది. "చివర ఎవరు నడిచారండీ?"

అటెండరు వెంటనే చెప్పాడు: "సారుగారేనండి. నా ఎనకాలే వచ్చేరు."

సభ నిశ్శబ్దమైపోయింది. వనమౌనం అంటే అదే కాబోలు.

"అయితే కాలిబాట తమరి పేర వస్తుంది సార్" అన్నాడు ఉమాకాంతం రాసుకుంటూ. "నాలుగు వేలు. అడవిలో మిగిలిన బూటు అడుగు, ఒకటి. తమరి జాడాంకం నాలుగు వేల ఒకటి. బాపిరెడ్డిది ఎనిమిది వందల డెబ్భైకి దిగింది. ఇక అత్యధికము గలవారు ఎవరైనను..." అని సర్క్యులర్ తిరగేసి, అక్కడి మాటే చదివాడు. "ఎవరైనను, వారిని అరణ్య పరిధి నుండి తొలగించి రికార్డు విభాగమునకు."

చదివాక గాని తాను ఏం చదివాడో అతనికి అర్థం కాలేదు. అర్థమయ్యాక కూర్చోలేక, నిలబడలేక సగంలో వంగిపోయాడు.

శశిభూషణ్ గారు సర్క్యులర్ లాక్కుని తానే ఒకసారి చదువుకున్నారు. "ఎవరైనను అన్నప్పుడు దాని స్ఫూర్తిని చూడాలి."

"స్ఫూర్తి గురించి వివరణ కోరుతూ రాయమంటారా సార్?"

"వద్దు!" అన్నారాయన. "రాయకండి. కాగితం పైకి పంపకండి. ఈ సర్క్యులర్‌ను సమగ్ర పునఃపరిశీలన నిమిత్తం నిలుపుదల చేస్తున్నాను. ఈ క్షణం నుంచి."

"దాని కింద ఇచ్చిన బదిలీలు?"

"అవీ ఆగినట్టే."

"మరి నా బిరుదండీ?" అన్నాడు చిదంబరం ఆశగా, శాలువా తీసేయబోతూ.

"అది ఛైర్మన్ గారి సంతకం. దాన్ని ఆపే అధికారం నాకు లేదు."

బదిలీ ఉత్తర్వు మళ్ళీ సంచిలోకి పోయింది. బాపిరెడ్డి అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. పిల్లలు పెదాలు కదిపి, గొంతెత్తి, చెట్ల పైకొనలు దాటేలా అరిచారు. మంగతాయారు పెద్ద పొయ్యి వెలిగించింది.

"నిజం చెప్పు బాపిరెడ్డన్నా" అంది అన్నం వడ్డిస్తూ. "ఆయన్ని చివర ఎందుకు నడిపించేవు?"

"ముళ్ళు గుచ్చుకుంటాయనమ్మా" అన్నాడు బాపిరెడ్డి, తలెత్తకుండా పప్పు కలుపుకుంటూ.

*

వారం తిరిగేసరికి కంప తీసేశారు. పిల్లలు వాగు ఒడ్డున తడి ఇసకలో అడుగుల పాఠం నేర్చుకుంటున్నారు. దుప్పి దొరికింది, ముళ్ళపంది దొరికింది. జిరాఫీ గురించి అడిగిన పిల్ల ఒకచోట గొంతుక్కూర్చుంది.

"మాస్టారూ, ఇదేం జంతువు?"

"నువ్వే చెప్పమ్మా."

ఆ పిల్ల జానతో కొలిచింది. "రెండు కాళ్ళది. కుడి మడమ బయటికి ఈడుస్తుంది. రోజూ మూడింటికి ఇక్కడిదాకా వచ్చి, బస్సు వెళ్ళేవైపు చూసి, మళ్ళీ బడికే పోతోంది."

"ఎన్నాళ్ళనించి ఉంది ఇక్కడ?"

పిల్ల చుట్టూ వెతికి చూసింది. "వారమేనండి. అంతకుముందు దీని జాడ ఎక్కడా లేదు."

"బాగా చదివేవు" అన్నాడు బాపిరెడ్డి. నవ్వు ఆపుకోవడానికి అటు తిరిగి వాగు నీళ్ళతో మొహం కడుక్కున్నాడు.

ఎండ ఎక్కుతోంది. పదండి అన్నాడు. నలభై మందినీ ఒక్క దారిన ముందు నడవనిచ్చాడు. చివరి పిల్ల అడుగు మీద తన అడుగు వేసుకుంటూ, అందరికన్నా వెనక, బాపిరెడ్డి నడిచాడు.